రోమన్లు క్రైస్తవులు కావడానికి అన్ని శతాబ్దాలు ఎందుకు పట్టింది?

క్లుప్తంగా: ఒక్క యుద్ధంతోనో, ఒక్క శాసనంతోనో రోమన్ సామ్రాజ్యం క్రైస్తవంలోకి వెళ్లలేదు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రైస్తవుల వైపు మొగ్గిన 312కు ముందు క్రైస్తవుడు కావడం నష్టాన్ని కొనితెచ్చుకోవడమే. ఆ నష్టాన్ని పూడ్చే ఏర్పాట్లు తన దగ్గరే ఉండబట్టి సంఘం, అంటే క్రైస్తవ సమాజం, అప్పుడూ పెరిగింది. 312 తర్వాత అదే పని లాభసాటి అయింది. 392 నాటికి పాత దేవుళ్లకు దీపం పెట్టడమే ఆస్తి పోగొట్టే నేరమైంది. పల్లెల్లో ఈ మార్పు ఇంకో రెండు వందల ఏళ్లు సాగింది.

మూడు తేదీల గందరగోళం

325లో బిషప్పులు కూడిన నైసియా సభకు 2025తో 1700 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా పాత వాదనలు మళ్లీ పైకి వచ్చాయి. వాటిలో తరచూ వినిపించేవి రెండు: కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రైస్తవాన్ని రోమ్ అధికార మతం చేశాడన్నది ఒకటి, నైసియాలో బైబిల్ పుస్తకాలను ఎంపిక చేశారన్నది రెండోది. రెండూ తప్పే. 313, 325, 380 అనే మూడు తేదీలను కలగాపులగం చేయడం వల్ల పుట్టిన తప్పులివి.

313 ఫిబ్రవరిలో పశ్చిమ చక్రవర్తి కాన్‌స్టాంటైన్, ఆయన బావమరిది కాబోతున్న లిసీనియస్ మిలాన్‌లో కలుసుకుని ఒక అంగీకారానికి వచ్చారు. దాన్ని 'మిలాన్ శాసనం' అంటాం కానీ, మనకు దొరికిన పాఠం లిసీనియస్ జూన్ 13న నికోమీడియాలో (నేటి టర్కీలోని ఇజ్మిత్) ప్రకటింపజేసిన ఉత్తరం. ఎవరికి నచ్చిన దేవుణ్ణి వారు కొలుచుకోవచ్చనీ, క్రైస్తవుల నుంచి లాక్కున్న స్థలాలను డబ్బు అడగకుండా తిరిగి ఇవ్వాలనీ అందులో ఉంది. అధికార మతం ప్రస్తావన లేదు.

325లో నైసియాలో కూడిన బిషప్పులు చర్చించింది వేరే సంగతులు: తండ్రికీ కుమారుడికీ ఉన్న సంబంధంపై ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద ఏరియస్ చేసిన వాదన, ఈస్టర్ తేదీ, సంఘ క్రమశిక్షణ. తెలుగు నేల మీద కథోలిక, సీఎస్ఐ ఆరాధనల్లో నేడు చదివే నైసియా విశ్వాస ప్రమాణానికి మూలం అక్కడిదే. దాని ఇప్పటి రూపం 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడింది. బైబిల్ పుస్తకాల జాబితా నైసియా తీర్మానాల్లో ఎక్కడా లేదు.

ఇక 380 ఫిబ్రవరి 27న థియోడోసియస్ చక్రవర్తి థెస్సలొనీకలో ఇచ్చిన శాసనం. ప్రజలంతా రోమ్ బిషప్ డమాసస్, అలెగ్జాండ్రియా బిషప్ పీటర్ అనుసరించే విశ్వాసాన్నే అనుసరించాలని ఆదేశించింది ఇదే. అయితే దీని గురి ప్రధానంగా నైసియాను ఒప్పుకోని క్రైస్తవుల మీద. గుడుల మీద అసలు దెబ్బ 391, 392ల్లో పడింది. కాన్‌స్టాంటైన్ చనిపోయి అప్పటికి యాభై ఏళ్లు దాటింది.

చేర్చుకునే మతం, వదిలించే మతం

రోమన్ మతానికి కావలసింది క్రియ. బలి, నైవేద్యం, సాంబ్రాణి, ద్రాక్షారసం విధి ప్రకారం జరిగితే దేవతలు ఊరిని కాపాడతారు. లోపం జరిగితే కరువో ఓటమో వస్తుంది. మనసులో ఏమనుకుంటున్నావని ఎవరూ అడగరు. పూజారులు విడిగా ఒక వర్గం కారు, ఊరి పెద్దమనుషులే ఆ పదవుల్లో ఉండేవారు. న్యాయవాది సిసెరో శకునాలు చూసే ఆగర్, జూలియస్ సీజర్ ప్రధాన పూజారి. ఎడ్లు, విందులు, ఆటల ఖర్చు కూడా చాలావరకు ఈ పెద్దలదే.

కొత్త దేవుళ్లకు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండేవి. అనటోలియా నుంచి సిబెలే దేవతను క్రీ.పూ. 204లో ప్రభుత్వమే రప్పించింది. ఈజిప్టు ఐసిస్ వచ్చింది, సైనికుల్లో మిత్ర ఆరాధన పాకింది. అసలు తేడా ఇక్కడే ఉంది. ఒక సైనికుడు మిత్ర మండలిలో చేరితే జూపిటర్‌కు ఒక్క భక్తుడూ తగ్గడు. అదే సైనికుడు క్రైస్తవుడైతే జూపిటర్, మిత్ర, ఐసిస్, ఇంటి దేవతలు అందరికీ ఒకడు తగ్గుతాడు. రెండు పక్షాలూ ఒకే వేగంతో జనాన్ని ఆకర్షించినా తరుగు ఒకవైపే పడుతుంది. పైగా మిత్ర ఆరాధనలో ఆడవాళ్లకు చోటు లేదు కాబట్టి ఆ విశ్వాసం ఇంటిల్లిపాదికీ చేరే వీల్లేదు. సంఘంలోకి మాత్రం తల్లి, పిల్లలు, బానిస, యజమాని అందరూ రావచ్చు.

యూదులు కూడా ఒకే దేవుణ్ణి కొలిచేవారే. కానీ వారిది తాతముత్తాతల ఆచారం. పాతదనాన్ని గౌరవించే రోమ్ వారిని సహించింది, క్రీ.శ. 70లో యెరూషలేము పతనం తర్వాత ప్రత్యేక పన్ను వేసి సరిపెట్టింది. క్రైస్తవులు తమ పెద్దల ఆచారాన్నే వదిలేసినవారు. రోమన్ అధికారులకు ఒళ్లుమండింది అందుకే.

ఇళ్లలో పెరిగిన సంఘం

సుమారు 112లో నల్లసముద్రం ఒడ్డున బితినియా గవర్నరుగా ఉన్న ప్లినీ, ట్రేజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో తన విచారణ పద్ధతిని వివరించాడు. క్రైస్తవుడివా అని అడగడం. అవునంటే శిక్ష తప్పదని బెదిరిస్తూ రెండోసారి, మూడోసారి అడగడం. అప్పటికీ మాట మార్చకపోతే మరణశిక్ష. రోమన్ పౌరులైతే రోమ్‌కు పంపడం. కాదన్నవాళ్లు దేవతలను స్మరించి, చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి వేసి, ద్రాక్షారసం పోసి, క్రీస్తును దూషిస్తే వదిలేయడం. నిజం రాబట్టడానికి సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను హింసించాడు. మితిమీరిన మూఢనమ్మకం తప్ప తనకేమీ కనిపించలేదన్నాడు. ఆ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది: దాదాపు పాడుబడిన గుళ్లకు జనం మళ్లీ వస్తున్నారు, కొనేవాడు కరువైన బలి మాంసం మళ్లీ అమ్ముడవుతోంది. గవర్నరుకు సమస్య మొదట అందింది మాంసం అంగడి నుంచి కావచ్చు.

ట్రేజన్ జవాబు చిన్నది: వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఫిర్యాదులు తీసుకోవద్దు, పశ్చాత్తాపపడి దేవతలను కొలిస్తే క్షమించు. తర్వాతి 140 ఏళ్లలో హింస అక్కడక్కడా, ఊరి జనం కోపాన్ని బట్టి, గవర్నరు స్వభావాన్ని బట్టి జరిగింది. సామ్రాజ్యమంతటా ఎడతెగకుండా మూడు వందల ఏళ్లు వేట సాగిందన్న చిత్రం సరికాదు.

ఎంత వేగంగా పెరిగారు? లెక్కలు కట్టినవారిలో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ నమూనా ప్రసిద్ధం. క్రీ.శ. 40లో వెయ్యి మంది ఉన్నారనుకుని, పదేళ్లకు 40 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే 300 నాటికి 60 లక్షలు దాటుతారు. ఇది జనగణన కాదు, ఊహ మీద కట్టిన లెక్క. కానీ ఒక విషయం తేల్చుతుంది: అద్భుతాలు, సామూహిక మతమార్పిడులు లేకుండానే ఆ సంఖ్యకు చేరవచ్చు. పదేళ్లకు 40 శాతం అంటే ఏడాదికి మూడున్నర శాతం కూడా కాదు. వందమంది సంఘంలో ఏడాదికి ముగ్గురో నలుగురో చేరితే చాలు: ఒకరి భార్య, ఒకరి పనివాడు, పక్క దుకాణం మనిషి. ఐదారు కోట్ల సామ్రాజ్యంలో 300 నాటికి క్రైస్తవులు పదోవంతు ఉండవచ్చన్న అంచనా ఇలాంటి లెక్కల నుంచే వచ్చింది. ఆ పదోవంతైనా సమంగా పరుచుకుని లేదు. సిరియా, ఆసియా మైనర్, ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా పట్టణాల్లో చిక్కగా, గాల్, బ్రిటన్లలో పలుచగా ఉంది.

ఈ సంఘాలు కూడుకున్న చోటు ఎలా ఉండేదో సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దూరా యూరోపోస్ తవ్వకాల్లో బయటపడింది. అది మామూలు ఇల్లు. 240ల ప్రాంతంలో రెండు గదుల మధ్య గోడ తీసేసి సుమారు డెబ్బై మంది పట్టే హాలు చేశారు. ఇంకో చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, గోడల మీద మంచి కాపరి, నీళ్ల మీద నడిచే యేసు, సమాధి వైపు నడిచే స్త్రీల బొమ్మలు వేశారు. 256లో పర్షియన్ల ముట్టడిని ఎదుర్కోవడానికి రోమన్ సైన్యం కోటగోడ పక్కనున్న కట్టడాలను మట్టితో నింపేసింది. ఆ మట్టే ఆ బొమ్మలను కాపాడింది.

రోమ్ నగర సంఘం అప్పటికే ఒక చిన్న కార్యాలయంలా ఉంది. 251లో బిషప్ కోర్నేలియస్ రాసిన ఉత్తరంలో పద్దు దొరుకుతుంది: 46 మంది పెద్దలు, 7గురు డీకన్లు, 7గురు ఉపడీకన్లు, 42 మంది సహాయకులు, దయ్యాలు వదిలించేవారు, చదివేవారు, ద్వారపాలకులు కలిపి 52 మంది. సంఘం పోషిస్తున్న వితంతువులు, దిక్కులేనివారు 1,500 మందికి పైనే. ఏ ఒక్క గుడికీ ఇలాంటి నెలవారీ బాధ్యత లేదు. విందు జరిగిన రోజు మాంసం పంచడం వేరు, ఇంటి మనిషి పోయిన ఆడదానికి ఏడాదంతా తిండి పెట్టడం వేరు.

అదే దశాబ్దంలో సామ్రాజ్యాన్ని మహమ్మారి పట్టుకుంది. క్రైస్తవులు రోగుల దగ్గర ఉండి సేవ చేశారని, మిగతావారు సొంతవాళ్లను ప్రాణం ఉండగానే వీధిలో పడేశారని అలెగ్జాండ్రియా బిషప్ డయొనీషియస్ రాశాడు. తమవారిని పొగుడుకునే రాత కాబట్టి కొంత తగ్గించి చదవాలి. అయినా మందు లేని రోజుల్లో లేవలేని మనిషికి వేళకు నీళ్లు, గంజి అందించడమే బతికే అవకాశాన్ని పెంచుతుంది. బతికి బయటపడ్డవాడికి ఆ తర్వాత మిగిలిన బంధుత్వం ఆ నీళ్లు పోసినవాళ్లతోనే.

ధ్రువపత్రాల ఏడాది

ప్రభుత్వం మొదటిసారి సామ్రాజ్యమంతటికీ వర్తించే ఆదేశం ఇచ్చింది డేసియస్ చక్రవర్తి కాలంలో, 249 చివర్లోనో 250 మొదట్లోనో. శత్రువులు సరిహద్దులు దాటుతున్నారు, నాణెంలో వెండి కరిగిపోతోంది, చక్రవర్తులు వరసగా హతమవుతున్నారు. దేవతలను ప్రసన్నం చేసుకోవాలన్నది ఆయన విరుగుడు. అందరూ బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు స్థానిక అధికారుల బృందం చేత ధ్రువపత్రం రాయించుకోవాలి.

ఈజిప్టు ఇసుకలో అలాంటి పాపిరస్ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. 250 జూన్ 26 నాటి ఒక పత్రంలో దరఖాస్తుదారు వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ అని రాసి ఉంది, మన పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టు. 'నేనెప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను. ఇప్పుడూ మీ ఎదుట శాసనం ప్రకారం బలి ఇచ్చి, ద్రాక్షారసం పోసి, ప్రసాదం రుచి చూశాను. ధ్రువీకరించమని కోరుతున్నాను' అన్నది అన్నింట్లో కనిపించే పాఠం. మొసలి దేవుడు పెటెసూఖోస్ పూజారిణి కూడా ఈ కాగితం తీసుకోవలసి వచ్చింది. అందర్నీ లెక్కలోకి తెచ్చే యంత్రం క్రైస్తవుల కోసమే పెట్టింది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పథకం ఎక్కడ దెబ్బతింది? మొదట లంచాల దగ్గర. బలి ఇవ్వకుండానే పత్రం కొనుక్కున్నవారు ఎంతమంది తేలారంటే, సంఘం వారికి ఒక ప్రత్యేక వర్గంగా పేరు పెట్టి, ప్రాయశ్చిత్తం నిర్ణయించవలసి వచ్చింది. రెండోది, బలి ఇచ్చేసిన క్రైస్తవులు వేలల్లో ఉన్నా, ఏడాది తిరిగేసరికి డేసియస్ యుద్ధంలో చనిపోయాడు. వాళ్లంతా తిరిగి సంఘం తలుపు తట్టారు. వారిని చేర్చుకోవాలా వద్దా అని ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో, రోమ్‌లో పెద్ద గొడవే జరిగింది. చివరికి ప్రాయశ్చిత్తం, కాలపరిమితి, బిషప్ అనుమతి అనే పద్ధతి స్థిరపడింది. రాజ్యం విడగొట్టబోయిన చోట బిషప్పుల చేతికి కొత్త అధికారం వచ్చింది.

257, 258ల్లో వలేరియన్ చక్రవర్తి గురి మార్చాడు: ముందు బిషప్పులు, పెద్దలు, తర్వాత సెనేటర్ల స్థాయి క్రైస్తవులు. కార్తేజ్ బిషప్ సిప్రియన్‌ను 258 సెప్టెంబరు 14న శిరచ్ఛేదం చేశారు. 260లో వలేరియన్ పర్షియా రాజు షాపూర్ చేతికి చిక్కాడు. ఆయన కొడుకు గాలియెనస్ సంఘ స్థలాలు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాతి నలభై ఏళ్ల ప్రశాంతతే సంఘం పెరిగిన అసలు కాలం అనాలి.

కిర్తాలో ఒక సోదా

303 ఫిబ్రవరి 23న నికోమీడియాలో చక్రవర్తి భవనానికి ఎదురుగా ఉన్న చర్చిని కూల్చారు. మర్నాడు డయోక్లీషియన్ చక్రవర్తి శాసనం వెలువడింది: చర్చిలు కూల్చాలి, లేఖనాలు కాల్చాలి, క్రైస్తవుల హోదాలు రద్దు. కొద్ది నెలలకే సంఘాధికారులను జైల్లో పెట్టమన్నారు. జైళ్లు బిషప్పులతో నిండి దొంగలకు చోటు లేకపోయిందని చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు.

అదే ఏడాది మే 19న ఉత్తర ఆఫ్రికాలోని కిర్తా పట్టణంలో అధికారులు సంఘం కూడే ఇంటికి వెళ్లి, దొరికినవాటికి జాబితా రాశారు. ఆ జాబితా తర్వాతి కాలపు కోర్టు రికార్డులో మిగిలింది: 2 బంగారు గిన్నెలు, 6 వెండి గిన్నెలు, దీపాలు, ఆపై 82 ఆడవాళ్ల అంగీలు, 16 మగవాళ్ల అంగీలు, 47 జతల ఆడవాళ్ల చెప్పులు, 13 జతల మగవాళ్ల చెప్పులు. పూజా సామగ్రి కంటే బట్టలు ఎక్కువ, వాటిలోనూ ఆడవాళ్లవి అయిదింతలు. పేద స్త్రీలకు పంచడానికి దాచిన సరుకు అదని చూడగానే తెలుస్తుంది. కావలసిన పుస్తకాలు మాత్రం అక్కడ పెద్దగా లేవు. అవి చదివేవారి ఇళ్లలో ఉన్నాయి, ఒక్కొక్కరి గడపా తొక్కి పట్టుకోవలసి వచ్చింది. సొత్తు ఒకచోట, పుస్తకాలు పదిచోట్ల: ఒక్క దెబ్బతో అణచడానికి వీల్లేని ఏర్పాటు.

పైనుంచి కూడా పట్టు లేదు. పశ్చిమాన కాన్‌స్టాంటైన్ తండ్రి కాన్‌స్టాంటియస్ కొన్ని కట్టడాలు కూల్పించి ఊరుకున్నాడు. తూర్పున సహచక్రవర్తి గలేరియస్ ఎనిమిదేళ్లు పట్టుబట్టి, 311 ఏప్రిల్ 30న మంచంపట్టిన స్థితిలో శాసనాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆయన చెప్పిన కారణం గమనించదగ్గది: ఈ జనం మన దేవతలనూ కొలవడం లేదు, భయంతో తమ దేవుణ్ణీ కొలవడం లేదు, కాబట్టి వాళ్ల దేవుణ్ణే ప్రార్థించి, మా క్షేమం కోరాలి. ఏ దేవుడూ పూజ లేకుండా ఉండకూడదన్నది పక్కా రోమన్ ఆలోచన.

కాన్‌స్టాంటైన్ మార్చిన లెక్క

312 అక్టోబరు 28న రోమ్ పొలిమేరలో మిల్వియన్ వంతెన దగ్గర కాన్‌స్టాంటైన్ తన ప్రత్యర్థి మాక్సెంటియస్‌ను ఓడించాడు. ఆ యుద్ధానికి ముందు ఏం జరిగిందన్నదానికి రెండు కథనాలున్నాయి. కొద్ది ఏళ్లలోపే రాసిన లాక్టాంటియస్ ఒక కల గురించి, డాళ్ల మీద గీయించిన గుర్తు గురించి చెబుతాడు. పట్టపగలు సూర్యుడి పైన కనిపించిన వెలుగు సిలువ, 'దీనితో జయించు' అన్న మాట యూసేబియస్ రచనలో, అదీ చక్రవర్తి 337లో చనిపోయిన తర్వాత వచ్చిన జీవితచరిత్రలో కనిపిస్తాయి. అంతకుముందు తాను రాసిన సంఘ చరిత్రలో ఇదే యుద్ధాన్ని వర్ణించినప్పుడు ఆయన ఆ దర్శనం మాటెత్తలేదు. కథ కాలంతో పెరిగిందని అనుకోవడమే సబబు.

గెలిపించిన దేవుడికి రుణపడటం పాత రోమన్ తర్కమే. కొత్త దేవుణ్ణి ఆయన పాత దారిలోనే చేరుకున్నాడు, తొందరపడకుండా. 315లో రోమ్‌లో లేచిన విజయ తోరణం మీద 'దైవ ప్రేరణతో' అని ఉంది, ఏ దైవమో లేదు. నాణేల మీద సూర్యదేవుడు మరో పదేళ్ల దాకా ఉన్నాడు. 321 మార్చి 3 నాటి సెలవు శాసనం 'పూజ్యమైన సూర్యుని దినం' అంటుంది: న్యాయమూర్తులు, పట్టణవాసులు, చేతిపనివారు విశ్రాంతి తీసుకోవాలి, అదను తప్పకూడదు కాబట్టి రైతులు పొలం పనులు చేసుకోవచ్చు. బాప్తిస్మం తీసుకున్నది మరణశయ్య మీద.

అసలు మార్పు కనిపించేది ఖజానా పత్రాల్లో. 313 ప్రాంతంలో కార్తేజ్ బిషప్ సిసీలియన్‌కు రాసిన ఉత్తరంలో 3,000 ఫోలిస్‌లు (అప్పటి డబ్బు లెక్క) ఇప్పిస్తున్నామనీ, చాలకపోతే ఫలానా ఆస్తుల అధికారిని అడగమనీ చక్రవర్తి చెప్పాడు. ఇంకో ఉత్తరం సంఘాధికారులను పురపాలక బాధ్యతల నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు విలువ తెలియాలంటే ఆ బాధ్యత ఏమిటో తెలియాలి. ఊళ్లో ఆస్తిపరులు పట్టణ సభలో తప్పనిసరిగా కూర్చోవాలి. పన్ను వసూలు వారి పూచీ. తక్కువ పడితే సొంత జేబులోంచి కట్టాలి. తరతరాల ఆ భారం ఒక్క దీక్షతో తీరిపోతుందంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పెద్దింటివారు సంఘ పదవుల కోసం ఎగబడ్డారు. 320లలోనే చక్రవర్తి బ్రేకు వేయవలసి వచ్చింది: చనిపోయినవారి స్థానంలోనే కొత్తవారిని తీసుకోండి, సంపన్నులను తీసుకోవద్దు, లోకభారం ధనికులు మోయాలి, పేదలను చర్చి సొత్తుతో పోషించాలి అని.

321 నుంచి వీలునామాలో చర్చికి ఆస్తి రాయవచ్చు. బిషప్ తీర్పుకు చట్టబలం వచ్చింది. ఖర్చు లేకుండా, వాయిదాలు లేకుండా తేలే తగవుల కోసం క్రైస్తవులు కానివారు కూడా వచ్చేవారు. రోమ్‌లోని లాటరన్‌లో, వాటికన్ గుట్ట మీద కట్టిన మహామందిరాలకు మాన్యాలిచ్చారు. మరోవైపు గుళ్ల నిధుల నుంచి బంగారం, విగ్రహాలు కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు తరలాయి. దాతలైన పట్టణ పెద్దలు చితికిపోయి ఉండగా, ప్రభుత్వ ఆదరణ కూడా పక్క వీధికి మళ్లితే ఎద్దును కొనేదెవరు?

జూలియన్ ప్రయోగం

ఈ క్రమాన్ని తిప్పికొట్టగలిగినవాడు ఎవరైనా ఉంటే, 361లో గద్దెనెక్కిన జూలియన్. కాన్‌స్టాంటైన్ తమ్ముడి కొడుకు, క్రైస్తవుడిగా పెరిగినవాడు, చదువరి. గుళ్లు తెరిపించాడు, సంఘాధికారుల మినహాయింపులు తీసేశాడు, 362లో క్రైస్తవులు హోమర్ వంటి పాత సాహిత్యాన్ని బోధించకుండా చట్టం తెచ్చాడు.

ఆయన రోగనిర్ధారణ సరైనదే. గలతియా ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో, ఈ 'గలిలయులు' (క్రైస్తవులను ఆయన అలాగే పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తుంటే మనవాళ్లు చేతులు ముడుచుకున్నారని మండిపడ్డాడు. ప్రతి పట్టణంలో సత్రాలు పెట్టమన్నాడు. అందుకు ఏటా 30,000 మోడియస్‌ల గోధుమలు (సుమారు 200 టన్నులు), 60,000 కొలతల ద్రాక్షారసం కేటాయించి, అయిదో వంతు పూజారుల దగ్గరి పేదలకు, మిగతాది బాటసారులకు, యాచకులకు ఇవ్వమన్నాడు.

మందు రాశాడు కానీ తాగించే మనిషి లేడు. ఈ గోధుమలు పంచాలంటే ఎవరు పేదో తెలిసిన, రోజూ వారి గడప తొక్కే సిబ్బంది కావాలి. అలాంటివారు గుళ్ల దగ్గర ఎప్పుడూ లేరు. 362లో సిరియాలోని ఆంటియోక్ నగర శివారు దాఫ్నేలో అపోలో ఉత్సవానికి జూలియన్ ఎడ్లు, సాంబ్రాణి, తెల్లబట్టల కుర్రాళ్లను ఊహించుకుంటూ వెళ్లాడు. పట్టణం తరఫున ఏమీ రాలేదు. పూజారి తన ఇంటినుంచి ఒక బాతును తెచ్చాడు. ఈ సంగతి చక్రవర్తే రాసుకున్నాడు. 363 జూన్ 26న పర్షియా యుద్ధంలో ఆయన చనిపోయాడు. పాలించింది ఇరవై నెలలు. ఎక్కువ కాలం బతికి ఉంటే ఫలితం వేరుగా ఉండేదన్న వాదన ఉంది. ఆ బాతును చూస్తే నమ్మబుద్ధి కాదు.

సెనేటర్లు, వారి ఇంటి ఆడవాళ్లు

రోమ్ సెనేటు కుటుంబాలు అందరికంటే ఆలస్యంగా కదిలాయి. పూజారి పదవులు వారి వంశ ప్రతిష్ఠలో భాగం. బలులను నిషేధిస్తూ 341లోనే చట్టం వచ్చినా, 359లో ధాన్యం ఓడలు గాలికి ఆగిపోయి నగరంలో అల్లరి రేగినప్పుడు నగరాధిపతి టెర్టుల్లస్ రేవు పట్టణం ఓస్టియాలోని గుడిలో బలి ఇచ్చాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే ఏడాది ఇంకో నగరాధిపతి జూనియస్ బస్సస్ బాప్తిస్మం తీసుకుని చనిపోయాడు. బైబిల్ ఘట్టాలు చెక్కిన ఆయన పాలరాతి శవపేటిక నేటికీ వాటికన్‌లో ఉంది.

ఈ ఇళ్లలో మార్పు చాలాచోట్ల పెళ్లిళ్ల ద్వారా వచ్చింది. క్రైస్తవ పండితుడు జెరోమ్ ఉత్తరాల్లో అల్బినస్ అనే పాత మతపు పూజారి, ఒక తాత, కనిపిస్తాడు: కూతురు క్రైస్తవురాలు, ఒళ్లో కూర్చున్న మనవరాలు ముద్దుముద్దుగా 'హల్లెలూయ' అంటుంటే ఆయన మురిసిపోతాడు. ఆ ఇంట్లో ఏ శాసనం అవసరం లేకుండానే మతం మారింది.

ఆదరణతో పాటు రోగమూ వచ్చింది. 366లో రోమ్ బిషప్ పదవి కోసం డమాసస్, ఉర్సినస్ వర్గాలు కొట్టుకుంటే ఒక చర్చిలో ఒక్కరోజే 137 శవాలు తేలాయని, పాత మతంలోనే ఉన్న చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. పదవిలో ఉండే భోగం చూస్తే ఆ పోటీ వింత కాదన్నాడు. 'నన్ను రోమ్ బిషప్‌ను చేయి, ఈ క్షణమే క్రైస్తవుణ్ణవుతా' అని సెనేటర్ ప్రెటెక్స్టాటస్ డమాసస్‌తో హాస్యమాడేవాడట.

382లో గ్రేషియన్ చక్రవర్తి సెనేటు మందిరంలోని విజయదేవత బలిపీఠాన్ని తీయించి, వెస్టా దేవత పూజారిణులైన కన్యలకు ప్రభుత్వ డబ్బు ఆపేశాడు. 384లో నగరాధిపతి సిమ్మాకస్, అంత గొప్ప రహస్యాన్ని ఒకే దారిలో చేరుకోలేమంటూ, వాటిని తిరిగి ఇప్పించమని వినతిపత్రం పంపాడు. ఇవ్వొద్దన్న మిలాన్ బిషప్ ఆంబ్రోస్ వాదన నెగ్గింది. ఖజానా నుంచి డబ్బు రాకపోతే రోమ్ కోసం జరిగే పూజ ప్రభుత్వ పూజ కిందికి రాదు. సిమ్మాకస్ బాధలో సగం ఆ సాంకేతిక అంశం గురించే.

దీపం కూడా నేరమైనప్పుడు

392 నవంబరు 8 నాటి థియోడోసియస్ చట్టం ఇంటి లోపలికి వెళ్లింది. బలి సంగతి సరే, ఇంటి దేవతలకు దీపం వెలిగించడం, సాంబ్రాణి వేయడం, పూలదండ కట్టడం కూడా నిషేధం. ధూపం వేసిన ఇల్లు, పొలం సొంతానివైతే జప్తు. వేరొకరి స్థలంలో చేస్తే 25 పౌండ్ల బంగారం జరిమానా. చూసీచూడనట్టు ఊరుకున్న గవర్నరుకు, ఆయన కార్యాలయానికి 30 పౌండ్ల చొప్పున. అధికారి మీద వేసిన ఈ జరిమానాయే చెబుతుంది, అంతకుముందు చట్టాలు ఎందుకు అమలు కాలేదో.

చట్టం చేయని పని కొన్నిచోట్ల గుంపులు చేశాయి. నల్లబట్టల క్రైస్తవ సన్యాసులు పల్లె గుళ్లను పడగొట్టి పక్కనున్న భూములు లాక్కుంటున్నారని 386 ప్రాంతంలో ఆంటియోక్ వక్త లిబానియస్ చక్రవర్తికి మొరపెట్టుకున్నాడు. 391 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలోని సెరాపిస్ మహాలయం వీధి పోరాటాల తర్వాత నేలమట్టమైంది. ఇదే యంత్రం క్రైస్తవుల మీద కూడా తిరిగింది: స్పెయిన్ బిషప్ ప్రిసిలియన్‌ను 385 ప్రాంతంలో ట్రియర్‌లో మంత్రవిద్య నేరం కింద చంపారు. టూర్స్ బిషప్ మార్టిన్ అడ్డుపడినా ఆగలేదు.

పల్లెల లెక్క

పట్టణాలు మారాక కూడా సేద్యగాళ్లు వానకూ పంటకూ పాత దేవతలనే నమ్ముకున్నారు. జస్టీనియన్ చక్రవర్తి 530లలో మూయించేదాకా ఈజిప్టు దక్షిణ సరిహద్దున ఫిలే ద్వీపంలో ఐసిస్ పూజలు జరిగాయి. 594లో పోప్ గ్రెగరీ సార్డీనియా బిషప్‌కు రాస్తూ, చర్చి భూముల్లోనే ఇంకా విగ్రహాలను కొలిచే కౌలుదార్లున్నారని కోప్పడ్డాడు. ఎంత చెప్పినా వినని రైతుకు దారికొచ్చేదాకా శిస్తు పెంచమన్నాడు.

మరుసటి ఏడాది రాణి కాన్‌స్టాంటినాకు ఆయన పంపిన ఫిర్యాదు ఇంకా విచిత్రం. ఆ ద్వీపంలో విగ్రహాలకు బలి ఇచ్చుకోనివ్వడానికి అక్కడి అధికారి జనం దగ్గర సొమ్ము తీసుకునేవాడు. చట్టం ప్రకారం అది రెండు శతాబ్దాల నాటి నేరం. జనంలో కొందరు బాప్తిస్మం తీసుకుని బలులు మానేశారు. అయినా అధికారి అదే సొమ్ము వసూలు చేస్తూనే ఉన్నాడు. బిషప్ నిలదీస్తే, ఈ పదవి కోసం తాను కడతానన్న మొత్తం ఇలాంటి రాబడులు లేకుండా తీరదని జవాబిచ్చాడు.